డస్టర్ టైమింగ్ బెల్టుకు 21,400 అడుగుతున్నారు. పెట్టాలా, వద్దా?

పానగల్ టీచర్:
అందరికీ నమస్కారం. మాది నల్గొండ. 2014 డస్టర్ డీజిల్ కారు, కొత్తది కొన్నప్పటి నుంచి మా దగ్గరే ఉంది. మీటరు మీద 74,000 చిల్లర. రోజూ బడికి పోయి రావడం, పండుగలకు మిర్యాలగూడలో అమ్మవాళ్లింటికి పోవడం, అంతకుమించి తిరగదు. బెల్టు ఇంతవరకు మార్చలేదు.

ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ లోపలి భాగాలను లెక్క తప్పకుండా కలిపి తిప్పే రబ్బరు పట్టీ, మార్చాలన్నారు. బెల్టు, దాన్ని బిగించి ఉంచే చక్రం (టెన్షనర్), ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ కలిపి 12,600. ఏసీ వగైరా తిప్పే బయటి బెల్టు, దాని టెన్షనర్ 3,200. కూలెంట్ 1,300, లేబర్ 4,300. మొత్తం 21,400. నల్గొండలో ఒక షెడ్డులో అడిగితే బెల్టు, టెన్షనర్ మాత్రం మారుస్తాం, 8,500 చాలు అన్నారు. మా మామయ్య అయితే, చప్పుడు లేదు, పొగ లేదు, నడుస్తున్న ఇంజన్‌ను ఎందుకు విప్పుడు అంటున్నారు. కార్తీకంలో పిల్లలతో శ్రీశైలం పోవాలని ఉంది. మూడు మాటల్లో ఏది వినాలో చెప్పండి.

మిర్యాలగూడ ఇన్నోవా:
అక్కా, 21 వేలు మాత్రం ఇవ్వకండి. నేను పాత 2.5 డీజిల్ ఇన్నోవా పదిహేనేళ్లుగా నడుపుతున్నాను, నార్కట్‌పల్లి మీదుగా ఎయిర్‌పోర్టు ట్రిప్పులే ఎక్కువ. ఇప్పటికి నాలుగు బెల్టులు మార్పించాను, అన్నీ బయటే. ఎప్పుడూ ఎనిమిది వేలు దాటలేదు. పొద్దున బండి ఇస్తే మధ్యాహ్నం అన్నం టైముకు చేతికొస్తుంది. మా బండి మీటర్లో టీ-బెల్ట్ అని లైటు వెలుగుతుంది, అది వెలిగినప్పుడే మార్పిస్తాను. మీ బండి 74 వేలే తిరిగింది. ఇంకో పాతిక వేలు హాయిగా నడపండి. వాటర్ పంప్ కారకపోతే దాన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు. బాగున్న సామాను తీసి పారేయడం నాకు నచ్చదు.

జడ్చర్ల జంక్షన్:
ఇన్నోవా అన్నా, ఆ "ఇంకో పాతిక వేలు" అన్న మాటే నా కొంప ముంచింది. అందుకే రాస్తున్నాను.

మూడేళ్ల కింద మే నెల. కర్నూలు నుంచి వస్తున్నాం. బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు దాటి, కొత్తకోట ఇంకా రాలేదు. ఎనభై, తొంభై మధ్య ఉన్నాను. బానెట్ కింద టప్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ ఆగిపోయింది. మీటర్లో లైట్లన్నీ వెలిగాయి, స్టీరింగ్ బండరాయిలా అయింది. వెనక లారీ హారన్ కొడుతూ ఉంది. బండి ఊపు మీదే ఎలాగో పక్కకు తెచ్చాను. వెనక సీట్లో మా అమ్మ.

సెల్ఫ్ కొట్టి చూశాను. మామూలుగా సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువు తెలుస్తుంది కదా, ఒక్కో దెబ్బకు ఆగి ఆగి తిరుగుతుంది. ఆ రోజు జుయ్‌మని మిక్సీలా తిరిగిపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు, క్రేన్ అతను విని "బెల్టు పోయింది సార్, మళ్లీ కొట్టకండి" అన్నాడు. ఆ చప్పుడు ఎప్పుడు గుర్తొచ్చినా కడుపులో తిప్పినట్టు అవుతుంది.

ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, దింపారు. గాలి, పొగ రాకపోకలకు తెరుచుకునే 8 వాల్వులూ వంగిపోయాయి. వాల్వులు, గైడ్లు, హెడ్ గాస్కెట్, లేత్ పని, కొత్త బెల్టు సెట్టు, లేబర్ అంతా కలిపి 58,000. క్రేన్‌కు 4,500 వేరే. బండి 19 రోజులు షెడ్డులో ఉంది. ఇంతా చేసి బెల్టు తిరిగింది 71,000. కానీ బండి వయసు తొమ్మిదేళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బెల్టు మార్చామని అమ్మినవాళ్లు నోటితో చెప్పారు, నేను బిల్లు అడగలేదు.

బత్తాయి తోట:
దేవరకొండ నుంచి రాస్తున్నాను. నా దగ్గర ఉన్నది 800 సీసీ ఆల్టో. దానికీ బెల్టే. నిరుడు మార్పిస్తే అన్నీ కలిపి 2,600 అయింది. కాబట్టి 21 వేలు అంటే నాకు గుండె ఆగినంత పని అయింది. మేడమ్, మీ బండికి ఇప్పుడు రెండున్నర లక్షలు వస్తే గొప్ప. అందులో ఇరవై వేలు ఒక్క రబ్బరు పట్టీకా? ఉన్నది ఉన్నట్టు అమ్మేసి, చైన్ ఉన్న బండి తీసుకోండి. 1.3 డీజిల్ స్విఫ్ట్‌కు చైనే. మార్చే గొడవ ఉండదు.

పాలమూరు మిస్త్రీ:
మహబూబ్‌నగర్‌లో షెడ్డు ఉంది నాకు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇక్కడ అందరూ తమ తమ బండి రేటు చెబుతున్నారు. ఈ పనిలో ఒక బండి రేటు ఇంకో బండికి పనికిరాదు.

ఇన్నోవా తమ్ముడూ, నీ ఇంజన్ నిలువుగా ఉంటుంది, బెల్టు ముందరే ఉంటుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, దాని నుంచి కిందంతా గేర్ల మీద నడుస్తుంది. బెల్టు పైన, డీజిల్ పంప్ పుల్లీ నుంచి, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్ పుల్లీకి మాత్రమే. క్రాంక్ పుల్లీ విప్పే పని లేదు. వాటర్ పంప్ ఆ బెల్టు మీద లేనే లేదు. అందుకే మధ్యాహ్నానికి అయిపోతుంది.

డస్టర్ ఇంజన్ అడ్డంగా ఉంటుంది. కుడివైపు ముందు చక్రం తీయాలి, ఇంజన్ కింద జాకీ పెట్టి ఆ వైపు మౌంటింగ్ విప్పాలి, క్రాంక్ పుల్లీ లాగాలి. టెరానో, సన్నీ డీజిల్, వెరిటో, అన్నింటిలో ఇదే 1.5 ఇంజన్. క్యామ్, డీజిల్ హై ప్రెషర్ పంప్, వాటర్ పంప్ మూడూ ఒకే బెల్టు మీద తిరుగుతాయి. రేపు వాటర్ పంప్ బేరింగ్ పట్టేసిందనుకోండి, కొత్త బెల్టునే తెంపుతుంది. కారితే మళ్లీ ఇదంతా విప్పాలి, మళ్లీ లేబర్. బయట పంప్ ధర రెండు, మూడు వేలు. అది మిగిలిందని సంతోషపడితే ఏం లాభం? బెల్టు ఒక్కటే మార్చమని ఎవరు అడిగినా నేను పని పట్టను.

ఇక కిలోమీటర్ల సంగతి. టీ-బెల్ట్ లైటు కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది, బెల్టును చూసి కాదు. ట్యాక్సీ బండి లక్షన్నర రెండేళ్లలో తిరిగేస్తుంది, రబ్బరుకు ముసలితనం వచ్చేలోపే లెక్క పూర్తవుతుంది. టీచరమ్మ బండి పదకొండు ఎండాకాలాలు చూసింది. మన నల్గొండ, పాలమూరు ఎండలో ఇంజన్ పక్కన రబ్బరు ఎంత ఉడుకుతుందో చెప్పాలా? ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది, అని బండి పుస్తకంలో రాసి ఉంటుంది. మనవాళ్లు మొదటి సగమే చదువుతారు. చప్పుడు లేదు కదా అంటే, పండ్లు ఊడే ముందు బెల్టు చప్పుడు చేయదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. అక్కడ లెక్క తప్పితే వాల్వు కింద ఉండగానే పిస్టన్ పైకొచ్చి గుద్దుతుంది.

బత్తాయి తోట అన్నా, చైన్ అంటే జీవితాంతం అని కాదు. ఆయిల్ టైముకు మార్చని బండ్లలో చైన్ సాగి, టెన్షనర్ అరిగి నా దగ్గరికి వస్తాయి. ఆ పని బెల్టు కంటే పెద్ద ఖర్చు.

మిర్యాలగూడ ఇన్నోవా:
మిస్త్రీ అన్నా, ఏళ్ల మాట ఒప్పుకుంటున్నాను. నా బండి రోడ్డు మీదే ఉంటుంది, అక్క బండి ఎండలో నిలబడి ఉంటుంది, ఆ తేడా నేను ఆలోచించలేదు. పాతిక వేలు నడపండి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ హైదరాబాద్ దాకా పోవాల్సిన అవసరం లేదన్న మాట మీద మాత్రం ఉంటాను. పంప్ మార్చామని డబ్బులు తీసుకుని పాతదే ఉంచినవాళ్లు నాకు తగిలారు. అలాంటప్పుడు మామూలు మనిషి ఎవరిని నమ్మాలి?

పాలమూరు మిస్త్రీ:
నమ్మాల్సిన పని లేదు తమ్ముడూ, దగ్గర నిలబడితే చాలు. మేడమ్, ఊళ్లోనే చేయించుకోండి, కానీ షెడ్డువాళ్లను ముందు ఒక్క మాట అడగండి: పని చేసేటప్పుడు క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పిన్నులు ఉన్నాయా అని. ఈ ఇంజన్‌కు ఒకటి క్రాంక్ దగ్గర, ఒకటి క్యామ్ పుల్లీ దగ్గర పెట్టాలి. సున్నంతో, పెయింట్‌తో గుర్తు పెట్టుకుని చేస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బెల్టు ఎక్కించాక పిన్నులు తీసి, పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ పిన్నులు పెట్టి చూపించమనండి. రెండూ సాఫీగా దిగాలి. క్రాంక్ పుల్లీ బోల్టు కొత్తది వేయించండి. ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే అదీ మార్పించండి, ఆయిల్ తాగిన బెల్టు నిలవదు. పాత సామానంతా ఇంటికి తెచ్చుకోండి.

కిట్ మీరే బిల్లుతో కొనండి. బిల్లు లేకుండా చవకగా ఇస్తామంటే అది డూప్లికేటే అనుకోవాలి. ఇంకోటి, మీ కొటేషన్ ఆగస్టుది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇప్పుడు ఎవరు రేటు చెప్పినా అది అడగండి.

బత్తాయి తోట:
మేడమ్ పాత బండి మీద ఇంత పెట్టడం నాకు ఇప్పటికీ సరిగా అనిపించడం లేదు. అమ్మేటప్పుడు ఈ డబ్బులు ఎవరూ కట్టివ్వరు.

జడ్చర్ల జంక్షన్:
అన్నా, అమ్మేటప్పుడు రావని నాకూ తెలుసు. కానీ మేడమ్ పోతానన్నది మీ ఊరి మీదుగానే. డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు లోపలికి పోయాక మనిషి కనిపించడు, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు. నాకు బెల్టు తెగింది హైవే మీద, గంటలో క్రేన్ వచ్చింది. నల్లమల ఘాట్ మలుపులో, వెనక పిల్లలు ఉండగా స్టీరింగ్ బిగుసుకుపోతే? బండి రేటుతో లెక్క కట్టాల్సిన ఖర్చు కాదిది.

పానగల్ టీచర్:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. పని అయింది, నల్గొండలోనే. ముందు అడిగిన షెడ్డులో పిన్నులు లేవు. రెండో చోట ఉన్నాయి. వాటర్ పంప్‌తో కలిపిన కిట్ 9,800, సీలు 650, కూలెంట్ 1,200, క్రాంక్ బోల్టు 350, లేబర్ 3,500. మొత్తం 15,500. బయటి బెల్టు బాగానే ఉందని ఉంచేశారు.

సెలవు పెట్టి, స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. పాత బెల్టు చూడటానికి బాగానే ఉంది, పగుళ్లు కూడా లేవు. మా మామయ్య చేతిలోకి తీసుకుని "చూశావా, బాగుంది" అన్నారు. షెడ్డు మిస్త్రీ ఏమీ అనకుండా పాత టెన్షనర్ చక్రాన్ని ఆయన చేతిలో పెట్టి వేలితో తిప్పమన్నారు. గరగరమంది. కొత్తదాన్ని తిప్పితే చప్పుడే లేదు. వాటర్ పంప్ కింద ఎండిన కూలెంట్ తెల్లటి చార కట్టి ఉంది, ఎప్పటి నుంచి కారుతోందో మాకు తెలియనే తెలియదు. మామయ్య ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర, మంచి పని చేశావమ్మా అన్నారు.

మిర్యాలగూడ ఇన్నోవా:
సంతోషం అక్కా. పంప్ విషయంలో మిస్త్రీ అన్న మాటే నిజమైంది. లేబర్ 3,500 మాత్రం మన ఊరికి ఎక్కువే, అయిదు వందలైనా తగ్గించమని అడగాల్సింది.

పానగల్ టీచర్:
అడుగుదామనే అనుకున్నాను తమ్ముడూ. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఇద్దరు మనుషులు సాయంత్రం ఐదు దాకా చేశారు. చేత్తో రెండు చుట్లు తిప్పి పిన్ను పెడితే మొదటిసారి వెంట్రుకవాసిలో దిగలేదు. సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయ్యేదే కావచ్చు, నాకు తెలిసేది కూడా కాదు. ఆయన బెల్టు మళ్లీ దించి మొదటి నుంచి ఎక్కించారు. రెండోసారి పిన్ను దానంతట అదే జారింది. కవర్ మీద తెల్ల మార్కర్‌తో తేదీ, 74,310 అని రాసి ఇచ్చారు. ఆ 3,500లో తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు.