గ్యారేజ్ డోరుకి లోపల థర్మోకోల్, ప్లైవుడ్ వేశాక మధ్యలో ఆగుతోంది. ఫోర్సు పెంచొచ్చా?

మరమేకు:

స్టీలు సెక్షనల్ డోరు, 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, నాలుగు సెక్షన్లు (హింజీలతో కలిపిన అడ్డ పలకలు). తలుపు పైన షాఫ్టు మీద రెండు టోర్షన్ స్ప్రింగులు (మెలితిప్పి బిగించే రకం). చైన్ ఓపెనర్ (చైన్‌తో డోరుని నడిపే మోటారు), దాని వెనక పైకీ కిందికీ వేర్వేరుగా రెండు ఫోర్సు నాబ్‌లు. గ్యారేజీలో ఎండ వేడి తగ్గాలని ప్రతి సెక్షన్ లోపల 50 మి.మీ. థర్మోకోల్ పెట్టి, పైన నున్నగా కనిపించడానికి 4 మి.మీ. ప్లైవుడ్ బిగించాం. అప్పటినుంచే ఈ తంటా.

తెరిచేటప్పుడు అడుగున్నర లేచి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే ఇంకాస్త లేస్తుంది. మూసేటప్పుడు ఒక్కోసారి కొంచెం దిగి మళ్లీ పైకి వెళ్లిపోతుంది, ఓపెనర్ బల్బు పదిసార్లు వెలిగి ఆరుతుంది. గోడ బటన్ నొక్కిపట్టి ఉంచితే మాత్రం పూర్తిగా మూసుకుంటుంది.

ఫోర్సు నాబ్ కాస్త పెంచితే సరిపోతుందా? లేక స్ప్రింగు బిగించాలా? అది ఇంట్లో చేసుకోదగ్గ పనేనా? ఎలాగూ నిచ్చెన వేస్తాం కాబట్టి గ్రీజు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పండి.

ఇరుసు:

నాబ్ ముట్టుకోకండి. ముందు ఆ ప్లైవుడ్ సంగతి చూడాలి.

డోరు బరువు మోసేది స్ప్రింగులు. మోటారు పని దాన్ని ముందుకీ వెనక్కీ నడపడమే. బ్యాలెన్సు సరిగా ఉన్న డోరుని చేత్తో ఎత్తితే నాలుగైదు కిలోల బరువే తెలుస్తుంది. ఇప్పుడు మీ డోరు లెక్క చూడండి: 16 × 7 అంటే 112 చదరపు అడుగులు, సుమారు 10.4 చదరపు మీటర్లు. మామూలు థర్మోకోల్ ఘనపు మీటరు 15 కిలోల దాకా తూగుతుంది కాబట్టి 50 మి.మీ. మందానికి దాదాపు 8 కిలోలు. 4 మి.మీ. ప్లైవుడ్ మాత్రం తక్కువలో తక్కువ 22 కిలోలు పడుతుంది. మొత్తం 30 కిలోలు పెరిగింది, స్ప్రింగులేమో పాత బరువుకి లెక్కకట్టి వేసినవి. ఆ 30 కిలోలూ ఇప్పుడు మోటారు మీద పడ్డాయి.

పైకి వెళ్లే ఫోర్సు పెంచితే డోరు లేస్తుంది, నిజమే. కానీ చైన్ ఓపెనర్లలో చాలావాటికి లోపల ప్లాస్టిక్ గేరు ఉంటుంది, అది అరగడం మొదలవుతుంది. మోటారు డబ్బా కింద తెల్లటి పొడి రాలుతుంటే అదే. డోరుని ఈడ్చే ఓపెనర్ చేయి పై సెక్షన్‌కి బిగించి ఉంటుంది కాబట్టి ఆ రేకు కూడా వంగిపోతుంది. కింది వైపు ఫోర్సు పెంచడం ఇంకా చెడ్డది. దిగుతున్న డోరు దేనికైనా తగిలితే వెనక్కి తిరగాలి కదా, ఆ తిరిగే గుణాన్ని మనమే మొద్దుబారుస్తాం. కింద పసిపిల్ల ఉందో సైకిలు ఉందో మోటారుకి తెలియదు, ఎంత బలం తగిలితే ఆగాలో ఆ నాబే చెప్తుంది.

బరువు ఒక్కటే కాదు, ఇంకో అనుమానం ఉంది. సెక్షన్లను కలిపే హింజీలు లోపలి వైపున ఉంటాయి. ట్రాక్ వంపు దగ్గర సెక్షన్లు లోపలికే మడుచుకుంటాయి. హింజీ ఇరుసు కంటే ముందుకు పొడుచుకొచ్చిన ప్లైవుడ్ అంచులు ఆ వంపులో ఒకదానికొకటి గుద్దుకుంటాయి. అతుకుల దగ్గర పైన ఒకటి, కింద ఒకటి అంచులు నలిగి, గీత పడి, పొట్టు రేగి ఉందేమో లైటు వేసి చూడండి. ఉంటే అడుగున్నర దగ్గర ఆగడానికి అదీ ఒక కారణమే.

దీపస్తంభం:

మూసేటప్పుడు వెనక్కి వెళ్లడం వేరే జబ్బు. రెంటినీ కలిపి చూడకండి.

చాలా ఓపెనర్లలో బల్బు పదిసార్లు కొట్టుకోవడమంటే డోరుకి రెండు పక్కలా కింద ఉన్న సెన్సర్ల మధ్య కిరణం తెగిందని గుర్తు. గోడ బటన్ నొక్కిపట్టినప్పుడు ఓపెనర్ సెన్సర్లను పక్కనపెట్టి దిగుతుంది, కాబట్టి మీరు రాసిన రెండో లక్షణం కూడా సెన్సర్లనే చూపిస్తోంది. ప్లైవుడ్ షీట్లు మోసుకొచ్చేటప్పుడు బ్రాకెట్‌కి ఏదో తగిలి కొద్దిగా తిరిగి ఉంటుంది.

రెండు సెన్సర్ల మీదా చిన్న లైట్లుంటాయి. పంపే దానిది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అందుకునే దానిది కిరణం తప్పితే ఆరిపోతుంది లేదా మిణుకుమంటుంది. ముందు రెండు అద్దాలూ మెత్తని పొడిగుడ్డతో తుడవండి, సాలెగూడు ఒక్కటి చాలు అడ్డానికి. తర్వాత రెంటి మధ్యా దారం బిగుతుగా కట్టి ఎత్తు సరిచూడండి. నేలనుంచి 6 అంగుళాలు దాటకూడదు, ఇంకా పైన ఉంటే పాకే పిల్లలు కింది నుంచి వెళ్లినా కిరణానికి తెలియదు. రెక్క నట్టు వదులు చేసి, లైటు నిలకడగా వెలిగేదాకా తిప్పి బిగించండి. బిగించాక డోరుని ఒకసారి నడిపించి చూడండి, అదురుకి లైటు మిణుకుమంటే బ్రాకెట్టే వదులుగా ఉంది.

రోజులో ఒక వేళకే ఈ తేడా వస్తుంటే అందుకునే సెన్సర్‌లోకి ఎండ సూటిగా పడుతోందేమో చూడాలి. రెంటినీ అటూ ఇటూ మారిస్తే పోతుంది. వైరును గోడకి కొట్టిన పిన్ను ఎక్కడైనా తీగను నొక్కిందేమో కూడా తడిమి చూడండి.

విసుగొచ్చి రెండు సెన్సర్లనూ ఎదురెదురుగా పెట్టి టేపుతో చుట్టి పైన కట్టేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల ఓపెనర్లకి ఇలాంటి అదనపు రక్షణ తప్పనిసరి చేశారు. డోర్ల కింద పడి పిల్లలు చనిపోయాకే ఆ నిబంధన వచ్చింది.

మరమేకు:

ఇరుసు గారూ, మీరన్నట్టే ఉంది. పై నుంచి రెండో అతుకు దగ్గర ప్లైవుడ్ అంచు నలిగి పొట్టు లేచింది. ఎడమ సెన్సర్ కొద్దిగా పక్కకి తిరిగి ఉంది, సరిచేస్తే ఇప్పుడు బాగానే మూసుకుంటోంది. ప్లైవుడ్ తీసేస్తే స్ప్రింగు జోలికి పోకుండా సరిపోతుందా? బ్యాలెన్సు చూడాలంటే ఓపెనర్ నుంచి డోరుని విడదీసే ఎర్ర తాడు లాగి సగం దాకా ఎత్తి వదలాలి అంటారు కదా, అది చేయనా?

ఇరుసు:

ప్లైవుడ్ తీసేయడమే మంచిది. మిగిలిన 8 కిలోలకి స్ప్రింగు మార్చక్కర్లేకపోవచ్చు, రెంటికీ సమానంగా కొద్దిగా తిప్పితే సర్దుకునే అవకాశం ఉంది. 30 కిలోలూ ఉంచి చుట్లు పెంచితే మాత్రం కుదరదు. కింద సరిపోయినా, పైకి వెళ్లాక స్ప్రింగులో బలం మిగిలిపోయి డోరు వెనక్కి ఎగరబోతుంది, తీగ కూడా తొందరగా తెగుతుంది. అంత బరువుకి వేరే తీగ మందం స్ప్రింగులే కావాలి.

పరీక్ష ప్లైవుడ్ తీశాకే చేయండి, ఇప్పుడు వద్దు. ఎర్ర తాడు డోరు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగాలి. తెరిచి ఉన్నప్పుడు లాగితే, స్ప్రింగు బలం చాలకపోతే డోరు మొత్తం దభీమని కిందికి వస్తుంది. ఇద్దరుండి, పిల్లల్ని లోపలికి పంపి, చెరో వైపు పిడి పట్టుకుని ముందు ఒక అడుగు ఎత్తండి. అప్పుడే బరువనిపిస్తే మెల్లగా దించేసి అక్కడితో ఆపండి. తేలిగ్గా వస్తే మూడున్నర అడుగుల దాకా తీసుకెళ్లి, చేతులు దగ్గరే ఉంచి పట్టు సడలించండి. ఉన్నచోటే ఉండాలి. కిందికి జారితే స్ప్రింగు బలం తక్కువ, పైకి పోతే ఎక్కువ. అతుకుల మధ్య వేళ్లు పెట్టి ఎప్పుడూ ఎత్తకండి, మూసుకునేటప్పుడు అవి వేలిని నలిపేస్తాయి.

పట్టకారు:

స్ప్రింగు ఇంట్లో బిగించుకోవచ్చా అన్నదానికి నా జవాబు: వద్దు.

7 అడుగుల డోరుకి సాధారణంగా ఒక్కో స్ప్రింగు ఏడున్నర చుట్లు తిప్పి ఉంటుంది. డోరు మూసి ఉన్నప్పుడు ఆ బలమంతా స్ప్రింగు చివరి కోను (కడ్డీ పెట్టి తిప్పే రంధ్రాలున్న లోహపు ముక్క) మీది రెండు చిన్న స్క్రూల పట్టులో ఉంటుంది. అవి వదులు చేసిన క్షణాన ఆ బలం రంధ్రంలో పెట్టిన కడ్డీ మీదికి, కడ్డీ నుంచి చేతి మీదికి వస్తుంది. దానికి రంధ్రంలో బిగుతుగా పట్టే ఉక్కు వైండింగ్ బార్లు రెండు కావాలి. స్క్రూడ్రైవరు పెడితే రంధ్రంలో ఆడుతుంది, జారితే మొహానికే వస్తుంది. డోరు కింది మూలల్లో దాన్ని ఎత్తే కేబుల్ పట్టి ఉండే బ్రాకెట్లదీ అదే కథ, రోలరు (ట్రాక్‌లో దొర్లే చక్రం) మార్చాలని ఆ బోల్టులు విప్పకండి. మిగతా హింజీల రోలర్లు మార్చుకోవచ్చు, కింది జత మాత్రం మెకానిక్‌కే వదలండి.

వచ్చే మనిషి ముందు డోరుని తూచి చూడాలి. స్ప్రింగు బలం దించేసి, డోరు కింద త్రాసు పెడితే బరువు తెలుస్తుంది. తూచకుండా "ఇదే సైజు" అంటే ఒప్పుకోకండి. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్పించండి. మామూలు స్ప్రింగులు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారుచేస్తారు. రోజుకి నాలుగుసార్లయితే ఏడేళ్లకి కాస్త తక్కువ. ఒకటి తెగిందంటే రెండోది కూడా అంతే పని చేసి ఉంటుంది.

గ్రీజు విషయం. ట్రాక్‌లో ఏమీ వేయొద్దు. అందులో రోలరు దొర్లాలి, జారకూడదు. జిడ్డుంటే దుమ్ము పట్టి గట్టిపడుతుంది, గుడ్డతో తుడిచేస్తే చాలు. హింజీల ఇరుసుల్లో, స్టీలు రోలర్ల బేరింగుల్లో, షాఫ్టు రెండు చివర్ల బేరింగుల్లో కొంచెం తెల్ల లిథియం గ్రీజు లేదా సిలికాన్ స్ప్రే. నైలాన్ చక్రానికి బయట ఏమీ అక్కర్లేదు. స్ప్రింగు చుట్ల మీద పల్చగా స్ప్రే చేస్తే తుప్పు, కిర్రుమనే శబ్దం తగ్గుతాయి, కానీ దూరం నుంచే, చేయి పెట్టకుండా. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బాని గ్రీజుకి బదులు వాడకండి, అది ఉన్న గ్రీజునే కరిగిస్తుంది. ఆరు నెలలకోసారి చాలు. అప్పుడే కేబుల్ కింది చివర చూడండి, తేమకి ముందు తుప్పు పట్టేది అక్కడే. ఒక్క పోగు తెగి బయటికి లేచినా కేబుల్ మార్పించాల్సిందే.

పని అయ్యాక ఓపెనర్ ఫోర్సు, కింది హద్దు (డోరు ఎక్కడిదాకా దిగి ఆగాలో ఆ సెట్టింగు) మళ్లీ సరిచేయించండి. తర్వాత ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను డోరు మధ్యలో నేలమీద పడుకోబెట్టి రిమోట్‌తో మూయండి. చెక్కకి తగిలిన రెండు సెకన్లలోపు డోరు వెనక్కి తిరగాలి. తిరగకపోయినా, అక్కడే ఆగి నొక్కుతున్నా ముందు కింది హద్దు, తర్వాత కింది ఫోర్సు చూడాలి, అప్పటిదాకా ఓపెనర్ ప్లగ్గు తీసేసి చేత్తోనే వాడండి. ఈ చెక్క పరీక్ష నెలకోసారి చేయండి.