స్విఫ్ట్ ముందు బ్రేక్ డిస్కులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ములుగు రోడ్డు టీచర్:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. బండి 2016 మోడల్ స్విఫ్ట్, పెట్రోల్. రోజూ ములుగు దాకా బడికి పోయి రావాలి. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. ఊళ్లో మెల్లగా పోతే తెలియదు. ఆత్మకూరు దాటాక 80 మీద పోతూ బ్రేక్ తొక్కితే చేతులకు తెలుస్తుంది, కాలి కింద పెడల్ కూడా కొట్టుకుంటుంది. గట్టమ్మ గుట్ట దగ్గర మరీ ఎక్కువ. బ్రేక్ తొక్కకపోతే మాత్రం బండి సాఫీగానే పోతుంది.

ఒక మెకానిక్‌కు చూపిస్తే, చక్రం కూడా విప్పకుండానే డిస్కులు వంకర పోయాయి, క్యాలిపర్లతో (ప్యాడ్లను డిస్కుకు నొక్కి బ్రేక్ పట్టించే భాగాలు) సహా అన్నీ మార్చాలి అన్నాడు. చూడకుండా అంత మాట ఎట్లా చెప్పాడో నాకు అర్థం కాలేదు. మా తమ్ముడు పాలిటెక్నిక్ చదివాడు, పానాలు పట్టడం వచ్చు. ఆదివారం ఇద్దరం కలిసి ఇంటి ముందే మార్చుదామని ఉంది. బండితో వచ్చిన జాకీ, వీల్ పానా, ఒక సాకెట్ సెట్టు ఉన్నాయి. వాకిట్లో షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. ఇది ఇంట్లో చేసే పనేనా? ఇంకా ఏమేం కొనాలి? బ్రేకుల సంగతి కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది.

కాజీపేట ఐ20:

చేసుకోవచ్చు అక్కా. మా ఐ20కి ముందు డిస్కులు నేను ఇంటి దగ్గరే మార్చాను. దానికి డిస్కును హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగం) పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఉన్నాయి, అవి రావడానికే సగం పొద్దు పోయింది. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ తెచ్చాక వచ్చాయి. స్విఫ్ట్‌కు ఆ స్క్రూల బాధ లేదని విన్నాను.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఒక పక్క డిస్క్ బాగున్నట్టు కనిపించినా, మారిస్తే రెండు పక్కలా మార్చాలి. లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

గోదావరిఖని ఫిట్టర్:

అమ్మా, మీరు లక్షణాలు బాగా రాశారు. బ్రేక్ తొక్కితేనే స్టీరింగ్ వణుకుతుందంటే ముందు డిస్కుల మీదే అనుమానం పోవాలి. బ్రేక్ లేకుండా కూడా వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చూడమనేవాణ్ని. సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను, ఇప్పుడు హసన్‌పర్తిలో ఉంటున్నా. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం: కొలవకుండా ఏ పార్టూ మార్చకూడదు. మీ మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు, కానీ కొలతే లేదు కదా.

డిస్క్ అంచు మీదో, మధ్య టోపీ భాగం మీదో కనీస మందం పోత పోసి ఉంటుంది, జంగు తుడిస్తే కనబడుతుంది. వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి. అయితే డిస్క్ అంచు అరగకుండా గట్టులా మిగిలి ఉంటుంది, వెర్నియర్ దాని మీద కూర్చుంటే ఎక్కువ మందం చూపిస్తుంది. అందుకే ఒకే రకం నాణేలు రెండు తీసుకుని, ప్యాడ్ రాసుకునే చోట ఇటొకటి అటొకటి పెట్టి కొలవండి. నాణేల మందం తీసేస్తే అసలు లెక్క వస్తుంది. డిస్క్ చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒక్కో చోట ఒక్కో మందం వస్తే వణుకుకు కారణం దొరికినట్టే. జనం వంకర అంటారు కానీ చాలాసార్లు అది మందంలో తేడానే. ఆ తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉండొచ్చు, వెర్నియర్‌కు దొరకకపోతే మైక్రోమీటర్ ఉన్న లేత్ షాపులో కొలిపించండి.

ఇప్పుడు జాకీ సంగతి. దీని దగ్గర నన్ను కొంచెం గట్టిగా మాట్లాడనివ్వండి. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండి నిలబెట్టి పని చేయొద్దు. బండి బరువు మోసే జాకీ స్టాండ్లు కొనండి. ఇటుకలు అసలే వద్దు, చెప్పకుండా పగులుతాయి. షాబాద్ బండ కింద ఎక్కడైనా గుల్ల ఉంటే బరువుకు పగిలి స్టాండ్ ఒరుగుతుంది, కాబట్టి స్టాండ్ కింద మందపాటి చెక్క పలక వేయండి. హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. విప్పిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టి ఉంచండి. ఏదైనా జారితే బండి దాని మీద ఆగుతుంది.

క్యాలిపర్ విప్పాక రబ్బర్ గొట్టం మీద వేలాడనివ్వొద్దు, గొట్టం లోపల చినిగితే పైకి కనబడదు. సెంట్రింగ్ వాళ్లు వాడే బైండింగ్ వైరుతో స్ప్రింగ్‌కు కట్టేయండి. తర్వాత క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టులు రెండు. అవి గట్టిగా ఉంటాయి, పొడుగు రాడ్ కావాలి. స్విఫ్ట్ డిస్క్ మీద రెండు మర రంధ్రాలు ఉంటాయి. జంగుతో పట్టేసి ఉంటే వాటిలో 8 మి.మీ. బోల్టులు రెండు ఎక్కించి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోతే డిస్క్ దానంతట అదే బయటకు వస్తుంది. సుత్తితో బాదే అవసరం రాదు.

అసలు పని ఇక్కడి నుంచి మొదలు. డిస్క్ ఆనుకునే హబ్ ముఖం మీద జంగు పొర ఉంటుంది. వైర్ బ్రష్, ఎమరీ పేపరు పట్టుకుని లోహం కనబడేదాకా గీకండి. అక్కడ సన్నని పెచ్చు ఒకటి మిగిలినా డిస్క్ అంచు దగ్గర ఊగు పెరుగుతుంది. ఆ ఊగుకు తయారీ కంపెనీలు సాధారణంగా ఇచ్చే హద్దు 0.1 మి.మీ. లోపే. కొత్త డిస్కులు వేసిన కొన్నాళ్లకే మళ్లీ వణుకు మొదలయ్యే బండ్లలో చాలా వాటికి ఈ జంగే కారణం. తొందరలో ఎవరూ గీకరు.

కొత్త డిస్క్ మీద జంగు పట్టకుండా నూనె పూసి వస్తుంది. బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా కడగండి, ఆ తర్వాత వేళ్లు తగలనివ్వొద్దు. ప్యాడ్లూ కొత్తవే వేయాలి. క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు పాత ప్యాడ్ అడ్డం పెట్టి, సి క్లాంప్‌తో మెల్లగా నెట్టండి. బానెట్ కింద డబ్బాలో బ్రేక్ ఆయిల్ పైకి లేస్తుంది, నిండుగా ఉంటే ముందే సిరంజితో కొంత తీయండి. అది పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయాలి.

కరీంనగర్ డీజిల్:

పై అన్న చెప్పినదానికి ఒక చిన్న మాట. క్యాలిపర్ స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది వీటి మీదే) బయటకు తీసి చూడండి. ఎండిపోయి ఉంటే తుడిచి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే పెట్టండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

ములుగు రోడ్డు టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. స్టాండ్లు కొన్నాం. ఈ ఆదివారం విప్పి కొలతల వరకే చేశాం. ఎడమ డిస్క్ రాసి ఉన్న అంకె కంటే పైనే ఉంది. కుడి డిస్క్ దానికంటే తక్కువ, పైగా చోటు చోటుకు తేడా వస్తోంది. కుడి పక్క కింది పిన్ను కదలడమే లేదు, పట్టకారుతో తిప్పితే వచ్చింది. లోపలి ప్యాడ్ దాదాపు అయిపోయింది, బయటిది సగం ఉంది. క్యాలిపర్ రబ్బర్లు చినగలేదు, ఎక్కడా కారడం లేదు. ఇప్పుడు క్యాలిపర్ మార్చాలా? డిస్క్ లేత్ మీద సాఫ్ చేయిస్తే సరిపోతుందా?

గోదావరిఖని ఫిట్టర్:

పిన్ను పట్టేయడమే మూలం అమ్మా. పిన్ను జరగక లోపలి ప్యాడ్ ఒక్కటే రాసుకుంటూ వేడెక్కింది, డిస్క్ ఆ పక్క తేడాగా అరిగింది. రబ్బర్లు బాగుండి, పిస్టన్ సాఫీగా వెనక్కి పోతే క్యాలిపర్ మార్చే పని లేదు. పిన్ను జంగు తిని గుంటలు పడి ఉంటే పిన్ను, దాని రబ్బరు మాత్రం కొత్తవి వేయండి. లేత్ వద్దు. కనీస మందం కంటే తగ్గినదాన్ని ఇంకా గీకించకూడదు. డిస్కులు రెండూ, ప్యాడ్ల సెట్టు, గ్రీజు తీసుకోండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడుకు బ్రేక్ పడదు. డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, మాన్యువల్‌లో ఉన్న టార్క్ (ఎంత బలంతో బిగించాలనే లెక్క) ఇవ్వండి. ముందు మీ గల్లీలోనే మెల్లగా నడపండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు నింపాదిగా తగ్గించండి. మధ్యలో కొంచెం దూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని నిలబడొద్దు. మొదటి వారం గట్టమ్మ దగ్గర కాస్త ముందు నుంచే మెల్లగా బ్రేక్ వేయండి.

ములుగు రోడ్డు టీచర్:

అర్థమైంది సార్. పార్టులు ఆర్డర్ ఇచ్చాం. వచ్చే ఆదివారం బిగించాక పిన్ను ఫోటో, హబ్ ఫోటో రెండూ ఇక్కడ పెడతా, ఒకసారి చూసి చెప్పండి.