కుండీల్లో మిరప, టమాటా ఆకులు ముడుచుకుంటున్నాయి. పీకేయాలా?

ప్రశ్న

మొక్కలు పెంచడం నాకిదే మొదలు. ఆరు మిరప, రెండు టమాటా, అన్నీ కుండీల్లోనే. విత్తనం పెట్టి 50 రోజులు దాటింది. వారం క్రితం నుంచి రెండు రకాల్లోనూ ఆకులు ముడుచుకుంటున్నాయి. నీళ్లు చాలలేదేమోనని పూటపూటా పోశాను. తగ్గలేదు. బలం లేదేమోనని గుప్పెడు వర్మీకంపోస్టు వేశాను. తగ్గలేదు. నిన్న మిట్టమధ్యాహ్నం వేపనూనె చేతికొచ్చినంత కలిపి పిచికారీ చేశాను. ఈ ఉదయానికి కొన్ని ఆకుల అంచులు మాడిపోయాయి. ఇప్పుడు ఏది రోగమో, ఏది నా వైద్యమో తెలియడం లేదు. వైరస్ అయి ఉంటుంది, పీకేయమని తెలిసినవారొకరు అన్నారు. చేతులు రావడం లేదు.

జవాబు 1

క్యాల్షియం లోపం. గుడ్డు పెంకులు పొడి చేసి వేయండి.

జవాబు 2

పెంకులు మట్టిలో కరిగి వేళ్లకు అందడానికి నెలలు పడుతుంది, అంతవరకు ఈ మొక్కలు ఆగవు. మీరు కూడా రెండు రోజులు ఏమీ వేయకండి, ఏమీ పోయకండి. చూడండి, అంతే.

ముడత ఎటు తిరిగిందో చెప్పండి. మిరపలో ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగుల (త్రిప్స్) మీద అనుమానం. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగితే నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మొక్కల మీది మైట్). రైతులు పై ముడత, కింది ముడత అని వేరుచేసి చెప్పేది ఇందుకే. నల్లి మామూలు కంటికి ఆనదు, తామర పురుగు ఆనుతుంది. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద చిగురును గట్టిగా తట్టండి. ముడిచినవి లేత ఆకులా, ముదురు ఆకులా అన్నది కూడా రాయండి. మిరపకూ టమాటాకూ ఒకే జబ్బని ముందే అనుకోవద్దు.

ప్రశ్న వేసినవారు

తట్టాను. కాగితం మీద దుమ్ము పడిందనుకున్నాను, ఆ దుమ్ము నడిచింది! లేత పసుపు రంగు, మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు, దారపు ముక్కలా సన్నగా ఉంది. ఒక్క చిగురులోనే ఏడు లెక్కపెట్టాను. మిరప ఆకులన్నీ పైకే లేచాయి, ముఖ్యంగా లేతవి. వెనక ఈనెల పక్కన వెండి పూసినట్టు మెరిసే గీతలున్నాయి.

టమాటా నుంచి ఏమీ రాలలేదు. అడుగున ఉన్న నాలుగైదు ఆకులే గొట్టంలా చుట్టుకున్నాయి, తాకితే తోలులా గట్టిగా ఉన్నాయి. చిగురు మాత్రం నిగనిగలాడుతోంది. ఒక సంగతి చెప్పడం మరిచాను: పది రోజుల క్రితం ఏదో వీడియో చూసి పక్క కొమ్మలన్నీ గిల్లేశాను. అప్పటి నుంచీ ఎండలు కూడా ముదిరాయి.

జవాబు 2

మరిచారా, దాచారా? సరే. టమాటా జోలికి వెళ్లకండి. కొమ్మలు ఎక్కువగా తీసేసినా, ఎండ ముదిరినా ముదురు ఆకులు అలా చుట్టుకుంటాయి. అవి మళ్లీ విప్పుకోకపోవచ్చు, కాపుకు మాత్రం నష్టం లేదు.

మిరపకు తామర పురుగే. ముందు ఆకుల వెనక వైపు నీటితో కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నూనె కలవడానికి నాలుగు చుక్కల ద్రవ సబ్బు. ఒక ఆకుకు పూసి మర్నాటి వరకు చూసి, మాడకపోతేనే మొక్కంతటికీ కొట్టండి. సాయంత్రమే, ఆకు వెనకే. గుడ్లు ఆకు లోపల దాగి ఉంటాయి, వాటికి మందు తగలదు. అందుకే వారానికోసారి చొప్పున మూడుసార్లు. నీళ్లు పోసే ముందు వేలు మట్టిలో గుచ్చండి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టండి. ముడిచిన పాత ఆకు విప్పుకుందా అని రోజూ చూడవద్దు, అది విప్పుకోదు. కొత్త ఆకు ఎలా వస్తోందో చూడండి.

ప్రశ్న వేసినవారు

మూడో పిచికారీ కూడా అయింది. ఐదు మిరపల్లో కొత్త ఆకులు చదునుగా వస్తున్నాయి. ఆరోదానిలో మాత్రం కొత్త ఆకులు గోరంతే ఉన్నాయి, ఈనెల మధ్య పసుపు తిరిగింది, కణుపులు దగ్గర పడి మొక్క గిడసబారింది. కాగితం మీద ఏమీ రాలడం లేదు. కానీ కుండీ కదిపితే తెల్లటి చిన్న ఈగల్లాంటివి లేచాయి.

జవాబు 2

తెల్లదోమ. ఆ ఒక్కటి వైరస్సే అయి ఉంటుంది, దానికి మందు లేదు. మిగతా ఐదింటికి దోమ ఆ వైరస్‌ను మోయకముందే సంచి కప్పి పీకేయండి. కంపోస్టులో వేయకుండా మూటకట్టి పారేయండి. మిగతా కుండీల దగ్గర పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి.

ప్రశ్న వేసినవారు

పీకేశాను. వేళ్లు తెల్లగా, కుండీ నిండా పాకి ఉన్నాయి. అదొక్కటే చూడకుండా ఉండాల్సింది.