వరి చేలో సన్నమెడ పెంకు పురుగు: చూసినవారు చెప్పగలరు

కోనసీమ వరి
ఆకుముడత సోకిన ఆకులను విప్పుతుంటే కొన్నింటిలో పచ్చ పురుగుకు బదులు ఎర్రటి గోధుమ రంగులో, పొడవాటి సన్నని మెడతో, వీపు మీద నల్లని పట్టీలతో ఒక చిన్న పెంకు పురుగు కనిపిస్తోంది. పట్టుకోబోతే చటుక్కున దుబ్బులోకి దిగిపోతుంది. మందు కొట్టే ముందు ఇది పంటకు హాని చేసేదో కాదో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కీటక విద్యార్థి
అది నేల పెంకు పురుగుల కుటుంబమైన కారబిడేలోని ఓఫియోనియా అండి. ఆసియా వరి పొలాల్లో ఎక్కువగా చెప్పుకునేవి ఓఫియోనియా నైగ్రోఫేసియాటా, ఓఫియోనియా ఇండికా. రెండోదాన్ని పాత వ్యవసాయ పుస్తకాలలో కాస్నోయిడియా ఇండికా అని రాసేవారు. నేల పురుగులని పేరే గాని, ఇవి వరి మొక్కలపైకి ఎక్కి, ఆకుముడత పురుగు తన కోసం అల్లుకున్న గొట్టంలోకే దూరి రోజుకు 3 నుంచి 5 పురుగులను తింటాయి. సుడిదోమలను కూడా వదలవు. మడత లోపల నల్లని పిల్లపురుగు కనిపిస్తే అది దీని సంతానం కావచ్చు కనుక దయచేసి దానిని చంపకండి. పైరును గీకి తినే ఆకుముడత పురుగు లేత పచ్చగా ఉంటుంది.

నల్లగొండ నేల
ఒక జాగ్రత్త చెబుతాను. రంగులోనూ పరిమాణంలోనూ దీనికి దగ్గరగా ఉండే పెడెరస్ అనే పురుగు కూడా వరిలో తిరుగుతుంది. దాని రెక్కల తొడుగులు పొట్టివి కావడంతో పొట్ట మీది నల్లని, నారింజ రంగు కట్లు బయటికే కనిపిస్తాయి. అదీ పంటకు మిత్రపురుగే, కుట్టదు. కాని చర్మం మీద నలిగితే పెడెరిన్ అనే విషం వల్ల మంట, బొబ్బలు వస్తాయి. కాబట్టి గుర్తుపట్టే వరకు వేళ్లతో పట్టుకోకపోవడం మంచిది.

గట్టు మీద
గట్ల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఓఫియోనియా పిల్లపురుగులు ప్యూపా దశకు, అంటే పెద్ద పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశకు, గట్ల మట్టిలోకి చేరుతాయి. నీరు నిలిచిన మడిలో వాటికి పొడి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? గట్లను గడ్డిపోచ లేకుండా చెక్కి, వాటి మీద కూడా మందు చల్లడం నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మిత్రపురుగులను చంపి, దోమపోటు (సుడిదోమల బెడద) మళ్లీ ఉధృతం కావడానికి కారణమవుతాయి.

కోనసీమ వరి
అందరికీ కృతజ్ఞతలు. పిలకల దశలోనే ఉన్న పైరు కనుక మందు ఆపి, మడతలు విప్పి పచ్చ పురుగులు ఎన్ని, ఇవి ఎన్ని అని మడి మడికీ లెక్క చూస్తాను. గట్టు పక్క మడిలో, నడిమి మడిలో తేడా కనిపిస్తే ఇక్కడే రాస్తాను.