తొమ్మిదో తరగతి పిల్లలకి సివిక్స్ అర్థమైందో లేదో ఎలా కొలుస్తున్నారు?

ఏటిగట్టు టీచర్:
అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. మొన్న యూనిట్ టెస్టులో మా పిల్లలు సివిక్స్ బిట్లు టకటకా రాసేశారు. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26, ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించింది 61వ సవరణ, మన అసెంబ్లీలో సీట్లు 175, ఒక్కటీ తప్పు పోలేదు. చాలా సంతోషం వేసింది. మర్నాడు పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి బోర్డు మీద రాశాను: "మీ ఇంటి దగ్గర కాలువ గుర్రపుడెక్కతో మూసుకుపోయి నీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి. ఎవరి దగ్గరికి వెళ్తారు, ఎందుకు?"

సగం మందికి పైగా "ఎమ్మెల్యే గారికి చెప్తాం" అన్నారు, ఎందుకు అన్న చోట ఏమీ రాయలేదు. కొందరు కలెక్టర్ అన్నారు. ఒకడు "మా నాన్న వెళ్లి మాట్లాడతాడు" అని రాశాడు. పంటు మీద రేవు దాటి బడికొచ్చే ఒక లంక ఊరి అమ్మాయి, వరదప్పుడు వాళ్లకి పడవలు పంపింది తహసీల్దారు ఆఫీసు వాళ్లే కాబట్టి అక్కడికే వెళ్తానంది. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "లాకుల దగ్గర లస్కరుకి చెప్తాం" అన్నాడు, లస్కరంటే కాలువ, లాకులు చూసుకునే మనిషి. నేను రాసుకున్న జవాబు పంచాయతీ, అందుకని అమ్మాయికి అర మార్కు, వాడికి సున్నా వేశాను. అప్పట్నుంచీ మనసులో ఒకటే పీకుతోంది. బిట్లలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలకి ప్రభుత్వం అంటే అర్థమైనట్టేనా? కాకపోతే అర్థమైంది అని దేన్ని బట్టి చెప్పాలి? మీరెవరైనా చేసి చూసిన పద్ధతి ఉంటే చెప్పండి.

పాలకొల్లు పాత మాస్టారు:
అమ్మా, బిట్లు మానేయకు. తేదీలు, అంకెలు కూడా కావాలి, కాకపోతే అవి జ్ఞాపకాన్ని కొలుస్తాయి, అంతవరకే. నేను రిటైరయ్యేదాకా చేసింది ఏమిటంటే, తప్పు ఆప్షన్లను నా బుర్రలోంచి కాకుండా పిల్లలు అంతకుముందు రాసిన తప్పుల్లోంచే తీసుకునేవాణ్ణి. ఉదాహరణకి ఎంపీపీని, అంటే మండల పరిషత్ అధ్యక్షుణ్ణి, ఎవరు ఎన్నుకుంటారు అని అడిగి, ఓటర్లు నేరుగా, సర్పంచులు, ఎంపీటీసీలు, ఎమ్మెల్యే అని నాలుగు ఇస్తాను. సరైంది ఎంపీటీసీలు. "ఓటర్లు నేరుగా" అని పెట్టినవాడు సర్పంచ్ ఎన్నికతో కలిపేసుకున్నాడు. "సర్పంచులు" అన్నవాడు ఊరి మీద మండలం అని మెట్లు కట్టుకుని ఆలోచించాడు, వాడికి సగం తెలుసు. "ఎమ్మెల్యే" అన్నవాడికి పెద్దాయన ఎవరో ఒకరు నియమిస్తారన్న ఊహ ఉంది, వాడితో మొదటి నుంచీ మాట్లాడాలి. మార్కు ముగ్గురికీ సున్నాయే, కానీ రేపు ఎవరికి ఏం చెప్పాలో ఆ సున్నాలే చెప్తాయి.

"ఎందుకు" అన్న ప్రశ్నకి మాత్రం ఒక్కరే దిద్దకండి. పేర్లు కనపడకుండా పక్క టీచరుతో కూడా దిద్దించండి. ఇద్దరి మార్కులూ బాగా తేడా వస్తే లోపం పిల్లాడిది కాదు, దేనికి ఎన్ని మార్కులో మనం సరిగ్గా రాసుకోలేదని.

బీఎడ్ రెండో ఏడు:
మేడమ్, నా ప్రాజెక్టు దీని మీదే. అమెరికాలో నేప్ అనే పరీక్షలో ఎనిమిదో తరగతికి సివిక్స్ విడిగా పెడతారు. 300 స్కేలు మీద 2022 సగటు 150, ప్రొఫిషియెంట్, అంటే విషయం మీద మంచి పట్టున్న స్థాయి, అందుకున్నది 22 శాతం మంది, 1998లో ఆ పరీక్ష మొదలయ్యాక సగటు తగ్గడం అదే మొదటిసారి. దేశాల మధ్య జరిగే సివిక్స్ పరీక్ష ఐసీసీఎస్, 2009, 2016, 2022లో పెట్టారు, అందులో ఇండియా లేదు. మన దగ్గర 2024 డిసెంబరులో దేశమంతా జరిగిన పరఖ్ అనే చదువుల సర్వేలో తొమ్మిదో తరగతికి సోషల్ ఉంది కానీ అది మొత్తం సోషల్.

ఐసీసీఎస్ నుంచి మనం తెచ్చుకోదగ్గది ఒకటుంది. తెలిసింది ఎంత అనేది వేరుగా, అభిప్రాయం ఏమిటి అనేది వేరుగా అడుగుతారు. పెద్దయ్యాక ఓటేస్తావా, ప్రభుత్వాన్ని నమ్ముతావా లాంటివి ప్రశ్నావళిలో ఉంటాయి, వాటికి తప్పొప్పులుండవు. దయచేసి అలాంటి వాటికి మార్కులు వేయకండి. మార్కు ఉందని తెలిస్తే ప్రతి పిల్లా "తప్పకుండా ఓటేస్తాను" అనే రాస్తుంది, అప్పుడు మీకు తెలిసేది ఏమీ ఉండదు. ఇంకో మాట, ఈ మూడూ కొంతమంది పిల్లల్నే ఎంచుకుని పెట్టే శాంపిల్ పరీక్షలు, ఒక్కో పిల్లాడికి విడిగా రిపోర్టు ఇవ్వడానికి పెట్టినవి కావు. క్లాసులో మీ అవసరం వేరు.

గ్రామ పంచాయతీలో ఉద్యోగం:
మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి, ఆ లస్కరు అబ్బాయికి సున్నా వేయడం అన్యాయం. మీ ప్రశ్నలో "కాలువ" అన్నారు, ఏ కాలువో చెప్పలేదు. వీధి పక్క మురుగు కాలువైతే మా పంచాయతీదే, నేను కాదనను. పంట కాలువైతే ఇరిగేషన్ వాళ్లది, లాకుల దగ్గర అందరికీ అందుబాటులో ఉండే వాళ్ల మనిషి లస్కరే. దాని మీద రైతుల నీటి సంఘం కూడా ఉంటుంది, 1997 చట్టంతో వచ్చింది. పెద్ద డ్రెయిన్ అయితే డ్రైనేజీ విభాగం. ప్రతి వర్షాకాలం ఈ మూడింటి మధ్య జనం తిరగలేక తిరుగుతారు, నేను రోజూ చూస్తుంటాను, పెద్దవాళ్లకే తెలియదు. ఆ పిల్లాడి ఇల్లు ఎక్కడో ఒకసారి అడగండి.

లంక అమ్మాయికి కూడా వరదలో తహసీల్దారే సరి. తను చూసింది రాసింది, ఒక పనికి సరిపోయింది ఇంకో పనికి సరిపోదని ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. వీలైతే పిల్లల్ని గ్రామసభకి తీసుకురండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టినప్పుడు మా ఊళ్లో బడి పిల్లలు గోడ మీద కూర్చుని చూశారు. ఓటు లేదు గనక మాట్లాడే హక్కు లేకపోవచ్చు, చూడ్డానికి ఎవరూ అడ్డుపెట్టరు. వచ్చే ముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి అవే ప్రశ్నలు ఇవ్వండి, తేడా మీకే కనపడుతుంది.

ఒక అమ్మ, అమలాపురం:
మా అమ్మాయి ఇలాంటి ప్రశ్నకి జవాబు తెలిసీ రాయలేదు. సర్పంచ్ గారు మాకు వరస అవుతారు, ఆయన పని చేయలేదని రాస్తే ఇంట్లో గొడవని భయం. పేపరు ఎవరికీ చూపించం అని పిల్లలకి ముందే చెప్పండి మేడమ్, పల్లెటూళ్లో ఇది చాలా పెద్ద విషయం.

ఏటిగట్టు టీచర్:
అందరికీ ధన్యవాదాలు. ఇవాళ ఆ అబ్బాయిని పిలిచి ఇల్లెక్కడ అని అడిగాను. లాకుల పక్కనే, ఇంటి ముందు పారేది పంట కాలువే. "వేసవిలో కాలువ కట్టేసినప్పుడు గుర్రపుడెక్క తీయించేది లస్కరు మావయ్యే మేడమ్, అందుకే రాశాను" అన్నాడు. ఎందుకు అనేది అప్పుడు పేపరు మీద ఎందుకు రాయలేదురా అంటే, "అది అందరికీ తెలుసు కదా అనుకున్నాను" అన్నాడు. పూర్తి మార్కులు వేసి, క్లాసులో అందరి ముందూ నా జవాబు తప్పని చెప్పాను.

ప్రశ్న మార్చాను. ఈసారి బోర్డు మీద ఊరి పటం గీస్తాను, వీధి మురుగు, పంట కాలువ, పెద్ద డ్రెయిన్ మూడూ పెడతాను, ఒక్కో దాని పక్కన "ఇది ఎవరి పని, వాళ్లు చేయకపోతే ఆ తర్వాత ఎవరు" అని రాయాలి. పేర్ల బదులు నంబర్లు వేయిస్తాను, పక్క సెక్షన్ మాస్టారు కూడా దిద్దుతానన్నారు. పంచాయతీ గారూ, ఈ ఆదివారం పటం ఫొటో ఇక్కడ పెడతాను, తప్పులుంటే సోమవారం పరీక్ష లోపు చెప్పండి.