రాత్రి పూచే తెల్ల పువ్వుకు రంగులు ఎలా వేస్తారు?

నమస్కారం అండీ. మొక్కల బొమ్మలు వేసే అలవాటున్నవాళ్లు కాస్త సాయం చేయండి.

మార్గరెట్ మీ (Margaret Mee) అనే మొక్కల చిత్రకారిణి 1952లో ఇంగ్లండ్ నుంచి బ్రెజిల్ వెళ్లి, 1956 నుంచి అమెజాన్ అడవుల్లో తిరుగుతూ మొక్కల్ని గీశారు. 1988లో, దాదాపు 79 ఏళ్ల వయసులో, రియో నీగ్రో నది వరద అడవిలో ఒక్క రాత్రే పూసే మూన్‌ఫ్లవర్ అనే కాక్టస్ పువ్వును పడవ మీదే టార్చి వెలుగులో గీశారు. ఆ వయసులో ఏం ఓపికండీ! ఆ కాక్టస్ కాండం ఆకులా చదునుగా, చెట్టు మానుకు అతుక్కుని ఎర్రబారి ఉంటుంది. పువ్వేమో తెలుపు.

మా కుండీలో బ్రహ్మకమలం మొగ్గ తొడిగింది. అదీ కాక్టస్ కుటుంబమే. గౌష్ రంగులతో (నీళ్లలో కలిపే చిక్కటి రంగులు) వేద్దామనుకుంటున్నాను. కానీ ఎల్‌ఈడీ కింద తెలుపు నీలంగా, పాత బల్బు కింద పసుపుగా కనిపిస్తుంది. రేకుల నీడలకు ఏ రంగు కలపాలి? రాత్రి పెన్సిల్ స్కెచ్, రంగుల నోట్స్‌తో సరిపెట్టి పగలు రంగు వేయడం మేలా? ఈ వానల తేమకి కాగితం ఉబ్బకుండా ఏం చేస్తారు? ఫొటో తీసి గీసుకోమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.