నల్ల చీర అద్దాల్లో మాయమవుతోంది, ఎందుకు?

బరంపురం కొట్టు:
మాది బరంపురంలో పట్టు చీరల కొట్టు. మడత విప్పకుండానే చీరను బొమ్మకు కట్టినట్టు చూపిద్దామని, తెలిసినవారి దగ్గర ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లద్దాలు (ఎదుట ఉన్న దృశ్యం మీద కంప్యూటర్ బొమ్మను కలిపి చూపేవి) వారం రోజులకు తెచ్చాను. ఎర్ర చీర దివ్యంగా వచ్చింది. నల్ల చీర పెడితే మాత్రం ఎర్రంచు, దాని మీది కుంభాలు గాలిలో వేలాడాయి, చీర ఉండవలసిన చోట వెనుక బీరువా కనిపించింది. "చీర అమ్ముతావా, అంచు అమ్ముతావా?" అని మా నాన్నగారు అడుగుతున్నారు. ఫైలు పాడైందంటారా?

పర్లాకిమిడి వాసి:
ఫైలుకేమీ కాలేదండీ. ఆ అద్దం బయటి దృశ్యానికి వెలుగును కలపగలదు, ఉన్న వెలుగును తీసివేయలేదు. నలుపంటే వెలుగు లేకపోవడమే కాబట్టి నల్లగా గీసిన చోట అద్దం ఏమీ కలపదు, వెనుక ఉన్నదే కనిపిస్తుంది. రాత్రి రాయగడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారా? లోపలి దీపానికి మన ముఖం అద్దంలో తేలుతుంది. జుట్టు ఉన్న చోట బయటి ఊళ్ల దీపాలు మెరుస్తాయి. అచ్చం అదే. 1862లో లండన్‌లో ఏటవాలు గాజు పలకతో రంగస్థలం మీద దయ్యాన్ని చూపిన పద్ధతి కూడా ఇదే. ఆ దయ్యం తెల్లగా ఉండడం ఊరికే కాదు!

గుణుపురం:
నాకు నలుపే కాదు, మామిడితోటలోకి వెళ్తే అన్ని రంగులూ పోయాయి. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది, ఇంట్లో దీపాల వెలుగు కొన్ని వందలే. పాపం, అద్దాల్లో బొమ్మ వేసే ఆ చిన్న ప్రొజెక్టర్ సూర్యుడితో ఏం పోటీ పడుతుంది?

సిరొంచ మాస్టారు:
నలుపు కావాలంటే కళ్లను పూర్తిగా మూసే కెమెరా పద్ధతి హెడ్‌సెట్ చూడండి. 2023లో వచ్చిన క్వెస్ట్ 3, 2024 నాటి విజన్ ప్రో ఈ రకానివే. బయటిదంతా కెమెరా తీసి తెర మీద వేస్తుంది గనుక ఏ చుక్కనైనా నల్లగా మార్చవచ్చు. చిక్కల్లా ఆలస్యం. కెమెరా చూసింది తెర మీదికి 12 మిల్లీసెకన్లలో చేరుతుందని విజన్ ప్రో తయారీదారులు చెబుతారు. నేను వాడినది పాత రకం. దాన్ని పెట్టుకుని టీ గ్లాసు అందుకోబోయి చొక్కా తడుపుకున్నాను. చార్జింగ్ అయిపోతే ఇక చీకటే.

పర్లాకిమిడి వాసి:
మధ్యేమార్గమూ ఉంది. 2022 నాటి మ్యాజిక్ లీప్ 2 అద్దంలో కావలసిన చోట బయటి వెలుగును తగ్గించే పొర ఉంటుంది. ఆ పొర కంటికి మరీ దగ్గర కాబట్టి దాని అంచులు స్పష్టంగా ఆనవు. బొమ్మ చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది. సన్నని కుంభాల అంచుకు అది నప్పుతుందా అన్నది నా అనుమానం.

బరంపురం కొట్టు:
అందరికీ ధన్యవాదాలు. వెలుగు కలపడమే తప్ప తీయడం రాదన్నారు గదా అని బీరువాకు నల్ల గుడ్డ కప్పి చూశాను. చీర నిండుగా, నల్లగా నిలిచింది! నాన్నగారిని పిలిచి చూపించాను. అద్దాలు తీసి, గుడ్డను పట్టుకు చూసి, "దీని బదులు ఆ నల్ల చీరనే వేలాడదీయకపోయావా?" అన్నారు. అద్దాలు రేపు తిరిగి ఇచ్చేస్తున్నాను.